ఆ శాంపిల్ ఎక్కడిది, ఎప్పటిది?

వరసగా ఎనిమిదిసార్లు దేశంలో నంబర్ వన్ క్లీన్ సిటీ అని అవార్డు కొట్టిన ఇండోర్‌లో 2025 డిసెంబర్ ఆఖర్లో కుళాయి నీళ్లు తాగి జనం చచ్చిపోయారు. భగీరథ్‌పురా అనే బస్తీ. మెయిన్ పైపు మీదే టాయిలెట్ కట్టి ఉంది, కింద పైపు లీకయింది, మిగతాది విడిగా చెప్పక్కర్లేదు. ఎంతమంది పోయారంటే సర్కారు లెక్క ఒకటి, బస్తీ వాళ్ల లెక్క ఇంకోటి. మనకేమన్నా కొత్తా ఇది? 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్, 2018లో గుంటూరు, 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్ల. ఊరు మారుద్ది, తర్వాత జరిగే తంతు మాత్రం అదే. ట్యాంకర్లొస్తాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచుతారు, మంత్రిగారి పరామర్శ, చనిపోయినోళ్లకి వేరే జబ్బులు కూడా ఉన్నాయని ఓ మాట, చివర్లో ప్రెస్ మీట్ పెట్టి శాంపిల్స్ తీశాం నీళ్లు బానే ఉన్నాయి అని ఒక స్టేట్‌మెంట్.

మేం అడిగేది ఒక్కటే. ఆ శాంపిల్ ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు?

ఎందుకంటే నీళ్లు శుద్ధి చేయడం ఇవాళ కనిపెట్టాల్సిన విద్యేం కాదు. నది నీళ్లో కాలవ నీళ్లో తెచ్చి పటిక కలిపితే బురద ఉండలు కట్టి అడుక్కి దిగుద్ది, పైన తేరుకున్న నీళ్లని ఇసక ఫిల్టర్ బెడ్ల మీదుగా వదుల్తారు, తర్వాత క్లోరిన్ కలిపి కనీసం అరగంట ఆగుతారు. ఈ వరస ఎందుకంటే బురద నీళ్లలో క్లోరిన్ పోస్తే సగం క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోద్ది, సూక్ష్మక్రిములదాకా పోదు. మన ఫిల్టర్ ప్లాంట్లలో చాలావరకు ఈ పని బానే జరుగుద్ది, ఆ మాట మేం కాదనం. గొడవంతా గేటు దాటాకే మొదలవుద్ది.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. రోజుకో గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అయిపోద్ది, లోపల ప్రెజర్ ఉండదు, చుట్టూ ఏముంటే అది జాయింట్ల దగ్గర్నించి లోపలికి పీల్చుకుంటది. చుట్టూ ఏముంటది మరి? మన వీధుల్లో మంచినీళ్ల పైపు, మురిక్కాలవ పక్కపక్కనే, చాలాచోట్ల పైపు ఆ కాలవలోంచే పోయింది. దానికి తోడు ఎవరింట్లో వాళ్లు కుళాయికి డైరెక్టుగా మోటారు బిగించి లాగుతారు, ఆ లాగుడికి చుట్టూ ఉన్న మురుగు కూడా వచ్చేస్తది. ఈ దారంతా నీళ్లకి కాపలా ఉండేది ఆ కాస్త మిగిలిన క్లోరినే. అందుకే ప్రమాణం ప్రకారం జనం పట్టుకునే నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ప్లాంటులో ఎంత కలిపారన్నది కాదు, లైన్‌లో ఆఖరి ఇంటి కుళాయి దగ్గర ఎంత మిగిలిందన్నది లెక్క.

ఇది చూడ్డానికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి నాలుగు చుక్కల మందేస్తే రంగు పసుపుగా తిరుగుద్ది, ఏ రంగుకి ఎంత క్లోరినో చూపించే క్లోరోస్కోప్ పక్కన పెట్టి పోల్చుకోవడమే, రెండు నిమిషాల పని. రంగు రాలేదంటే క్లోరిన్ లేదని, అంటే అక్కడిదాకా వచ్చేలోపు దాన్ని ఏదో తినేసిందని. పైపు ఎక్కడో పగిలిందనడానికి అంతకన్నా ముందుగా, అంతకన్నా చవగ్గా దొరికే హెచ్చరిక ఇంకోటి లేదు. బ్యాక్టీరియా టెస్టు రిజల్టు రావాలంటే ఒకటి రెండు రోజులు పడుద్ది, ఈలోపు వీధివీధంతా ఆస్పత్రిలో ఉంటది.

మరి మన దగ్గర జరిగేదేంటి. రోజూ చూడాల్సిన టెస్టు ట్యాంకు దగ్గర చూసి రిజిస్టర్‌లో రాసుకుంటారు, కొన్నిచోట్ల అదీ చూడకుండానే రాసుకుంటారు. ఎప్పుడో తెరిచిన బ్లీచింగ్ బస్తా మూలన పడి ఉంటది, గాలి తగిలి అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటది, ఆ పొడే ట్యాంకులో చల్లి క్లోరినేషన్ అయిందంటారు. వాంతులు విరేచనాలు మొదలయ్యాక మాత్రం పరుగు పరుగున వచ్చి డబల్ డోసు క్లోరిన్ దంచి, పైపులు కడిగి, ఆ తర్వాత శాంపిల్ తీస్తారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. ఆ శాంపిల్ బాగా రాక ఏమవుద్ది? జనం తాగింది ఆ నీళ్లు కాదు, మూడు రోజుల కిందటి నీళ్లు. వాటి శాంపిల్ ఏది?

పైపులు పాతవి, ఫండ్స్ రావు, స్టాఫ్ లేరు, జనమే మోటార్లు పెడుతున్నారు అని ఇంజినీర్లు అంటారు. నిజమే. కానీ ఆఖరి ఇంటి దగ్గర చుక్క మందేసి చూడ్డానికి ఏ పైపు అడ్డమొచ్చింది?

ఇక ప్రభుత్వాల ద్వంద్వ నీతి. ఒక పక్క కుళాయి నీళ్లు సురక్షితం అంటారు, ఇంకో పక్క 2014లో రెండు రూపాయలకి 20 లీటర్ల క్యాన్ అని ఎన్టీఆర్ సుజల స్రవంతి పెట్టింది ప్రభుత్వమే. మరి ఏది తాగమంటారు? నీటి ఎద్దడి మీద రివ్యూ మీటింగ్ జరిగితే టేబుల్ మీద ప్రతి ఆఫీసర్ ముందు ఒక సీసా ఉంటది, ఫొటో మాకే పంపిస్తారు. క్యాన్ నీళ్లన్నా గ్యారంటీనా అంటే అదీ లేదు. ఆర్వో చేసిన నీళ్లలో క్లోరిన్ ఉండదు, క్యాన్ సరిగ్గా కడగకపోతే ఆ నీళ్లని కాపాడేది ఏదీ లేదు. ప్యాకేజ్డ్ నీళ్లని హై రిస్క్ కేటగిరీలో పెడుతున్నామని 2024లో ఫుడ్ సేఫ్టీ సంస్థే చెప్పింది. వీధి చివర ప్లాంట్లలో ఎన్నిటికి లైసెన్స్ ఉందో, వాటి శాంపిల్ ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, అదే ప్రశ్న మళ్లీ.

ఆర్వో అవసరమైన చోట్లు లేవని కాదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, దానికి క్లోరిన్ పనిచేయదు, కాచినా పోదు, పైగా కాస్తున్నకొద్దీ నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుద్ది. పటిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 1970ల్లో నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరు చదువుకుంది, నల్గొండ మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆ నీళ్లే తాగి నడుములు వంగిపోయింది. చివరికి ఊరూరికీ నది నీళ్లు పైపుల్లో వస్తే తప్ప దారి దొరకలేదు. అంత కష్టపడి, వేల కోట్లు పోసి తెచ్చిన ఆ నీళ్లని వీధి చివర మురిక్కాలవ దగ్గర వదిలేస్తామా? టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్వో వాడకండని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది, లీటరు నీళ్ల కోసం అంతకు రెండింతలో మూడింతలో మోరీలో పోస్తది కాబట్టి. అయినా ఇంటింటికీ ఆర్వో ఎందుకొచ్చింది? కుళాయిని జనం నమ్మడం మానేశారు కాబట్టి. జనం ఎందుకు మానేశారో కమిషనర్లకి తెలీదా?

మేం కోరేది కొత్త స్కీము కాదు, శంకుస్థాపన అసలే కాదు. ప్రతి వార్డులో లైన్ చివరి కుళాయి దగ్గర రోజూ క్లోరిన్ చూడండి, ఏ వీధి, ఎన్ని గంటలకి, ఎంత వచ్చింది, చూసింది ఎవరు అని వార్డు ఆఫీసు బయట బోర్డు మీద రాయండి. సున్నా వచ్చిన రోజు సున్నా అనే రాయండి, ఆ పూట నీళ్లు కాచుకు తాగమని మైకులో చెప్పించండి. పరువు పోద్దని దాచిపెట్టిన సున్నాలే రేపు శవాల లెక్కలో తేలతాయి.

ఈ బోర్డు పెట్టడానికి కూడా సర్క్యులర్ రావాలి, కమిటీ వేయాలి, పైనుంచి ఆర్డర్ రావాలి అనేవాళ్లు ఇంకోసారి మైకుల ముందుకొచ్చి శాంపిల్స్ నార్మల్ అనకండి. మా రిపోర్టర్లు ఇకనుంచి ముందు అడిగేది ఏ ఇంటి కుళాయి, ఏ తారీకు, ఎన్ని గంటలకి అనే. జవాబు లేకపోతే మీ స్టేట్‌మెంట్ మేం వేయం.