18 హోల్స్‌కూ విస్కీ సీసాకూ సంబంధం లేదు

గోల్ఫ్ గురించి ఒక కథ ఏళ్ళ తరబడి ఫోన్లలో తిరుగుతోంది. 1858లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో క్లబ్బు పెద్దలు సమావేశమయ్యారట. ఆటకు ఎన్ని హోల్స్ ఉండాలన్న చర్చ వచ్చిందట (హోల్ అంటే బంతి పడాల్సిన గుంత; అక్కడిదాకా ఆడే నేలనూ అదే మాటతో పిలుస్తారు). విస్కీ సీసాలో సరిగ్గా 18 పెగ్గులు ఉంటాయి, హోల్‌కు ఒకటి చొప్పున తాగితే సీసా, ఆట ఒకేసారి ముగుస్తాయి అని ఒక పెద్దమనిషి సెలవిచ్చాడట. దీని వెంటే మరో మాట కూడా వస్తుంది: అక్కడి ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానాన్ని మనిషన్నవాడు ఎవడూ కట్టలేదు, గాలీ గొర్రెలూ మలిచాయి, 600 ఏళ్ళుగా అది చెక్కుచెదరలేదు అని. ఈ రెండు మాటలూ తప్పే. రెండోది మరీ అన్యాయం, ఎందుకంటే ఆ నేల మీద జీవితాలు ధారపోసిన మనుషులను అది చరిత్రలోంచి తుడిచేస్తుంది.

ముందు 18 సంగతి. అది తేలింది 1858లో కాదు, 1764 అక్టోబరులో. అప్పట్లో సముద్రపు ఒడ్డున సన్నని దారి లాంటి నేలలో 12 హోల్స్ ఉండేవి. ఒక చివర నుంచి మరో చివరకు ఆడుకుంటూ వెళ్ళి, అవే హోల్స్‌కు ఆడుకుంటూ తిరిగి వచ్చేవారు. పది హోల్స్‌ను రెండేసి సార్లు, మిగతా రెంటిని ఒక్కోసారి ఆడేవారు కాబట్టి మొత్తం 22 అయ్యేవి. మొదటి నాలుగూ మరీ పొట్టిగా ఉన్నాయని, వాటిని రెండుగా కలిపితే కోర్సు బాగుపడుతుందని ఆటగాళ్ళ సంఘం తీర్మానించింది. పోతూ నాలుగు రెండైతే వస్తూ కూడా నాలుగు రెండవుతాయి. 22లోంచి నాలుగు పోతే మిగిలేది 18. తీర్మానం వెనుక ఉన్న కారణం ఇంతే. 1858లో జరిగింది వేరు: 18 హోల్స్ ఆడితే ఒక మ్యాచ్‌గా లెక్కించాలని అక్కడి రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు తన నియమాల్లో రాసుకుంది. అప్పటికే 94 ఏళ్ళుగా ఉన్న వాడుకను కాగితం మీద పెట్టిందన్నమాట.

సీసా లెక్క కూడా నిలవదు. మన 750 మిల్లీలీటర్ల సీసాలో 30 మిల్లీలీటర్ల పెగ్గులు 25 వస్తాయి, 60 మిల్లీలీటర్లవైతే పన్నెండున్నర. బ్రిటన్‌లో ఇప్పుడు వాడే 700 మిల్లీలీటర్ల సీసాను అక్కడి 25 కొలతతో పంచితే 28, 35 కొలతతో పంచితే 20. పైగా 1764లో విస్కీని ఒకే కొలత సీసాల్లో నింపి అమ్మే పద్ధతే లేదు, పీపాల్లోంచి పోసి అమ్మేవారు. ఆనాటి గోల్ఫ్ పెద్దల విందుల్లో ప్రధాన పానీయం క్లారెట్, అంటే ఫ్రాన్సు ఎర్ర వైన్. బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ ఓపెన్ ఛాంపియన్‌షిప్ విజేతకు ఇచ్చే వెండి కూజాకు క్లారెట్ జగ్ అనే పేరు రావడం వెనుక ఉన్నది ఆ అలవాటే.

18 అనే అంకె ఆటకు సహజమైనదీ కాదు. స్కాట్లాండ్‌లోనే ఉన్న లీత్‌లో 5 హోల్స్ ఉండేవి. 1860లో మొదటి ఓపెన్ జరిగిన ప్రెస్ట్‌విక్‌లో 12 ఉండేవి. అందుకే ఆ పోటీలో మూడు రౌండ్లు, మొత్తం 36 హోల్స్ ఆడారు. సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు ప్రతిష్ఠ పెరిగేకొద్దీ మిగతావారు దాన్ని అనుసరించారు.

ఇక ప్రకృతి కట్టిందన్న మాట. ఇందులో కొంత నిజముంది. ఇసుక తిన్నెలూ వాటి మీది గడ్డీ సముద్రం ఇచ్చినవే. కొన్ని ఇసుక గుంతలు (బంకర్లు) గాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల ఏర్పడి ఉండవచ్చు. అయితే ముళ్ళ పొదల మధ్య ఇరుకు దారిగా ఉన్న ఆ నేలను ఇంత విశాలంగా మార్చింది మనుషులు. 1848 ప్రాంతంలో గట్టాపెర్చా (ఒక చెట్టు పాల నుంచి తీసిన రబ్బరు లాంటి పదార్థం) బంతి వచ్చింది. తోలులో ఈకలు కూరి కుట్టిన పాత బంతి కంటే అది చాలా చవక. ఆడేవాళ్ళు పెరిగారు, వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే హోల్ దగ్గర ఎదురుపడసాగారు. దాంతో ఒకే గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద రెండేసి హోల్స్ తవ్వి, గ్రీన్‌లను పెద్దవి చేశారు, పొదలు కొట్టి, గ్రీన్ దాకా బంతిని కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారులైన ఫెయిర్‌వేలను వెడల్పు చేశారు. ఈ పనిని నడిపించినవాడు అలన్ రాబర్ట్‌సన్. ఈకల బంతులు కుట్టి బతికిన మనిషి అతను. తన వృత్తిని దెబ్బతీసిన బంతి కోసమే కోర్సును విస్తరించాల్సి వచ్చింది.

ఏడు జంట గ్రీన్‌లలో ప్రతిదాని మీదా ఉన్న రెండు హోల్స్ సంఖ్యలు కలిపితే 18 రావడాన్ని కొందరు మహిమగా చెబుతారు. 2–16, 3–15, 4–14... వెళ్ళేటప్పుడు సంఖ్య ఒకటి పెరుగుతుంటే వచ్చేటప్పుడు ఒకటి తగ్గుతుంది. మొత్తం మారకపోవడం మామూలు కూడికే.

1864లో గోల్ఫ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మారిస్‌ను కోర్సు సంరక్షకుడిగా పిలిపించారు. ఏడాదికి 50 పౌండ్ల జీతం. బరువు పనులకు వారానికి రెండు రోజులు ఒక సహాయకుడు. అంతకుముందు బంతిని హోల్ పక్కనే, అందులోంచే తీసిన ఇసుక మీద నిలబెట్టి తరువాతి దెబ్బ కొట్టేవారు. మారిస్ టీలకు, అంటే ప్రతి హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోట్లకు, వేరే స్థలాలు కేటాయించాడు, గ్రీన్‌లకు ఇసుక పోసి గడ్డిని బాగుచేశాడు, 18వ గ్రీన్ కట్టాడు. 1870 ప్రాంతంలో మొదటి హోల్‌కు కొత్త గ్రీన్ కట్టడంతో కోర్సు నడకే మారే వీలు కలిగింది. పాత రోజుల్లో గడియారపు ముల్లు తిరిగే దిశలో ఆడేవారు. తరువాత కొంతకాలం రెండు దిశల్లోనూ మార్చి మార్చి ఆడారు, చివరికి ఇప్పటి ఎదురు దిశ స్థిరపడింది. 12వ హోల్ టీ మీద నిలబడితే ఎదురుగా బంకర్లు కనిపించవు. గ్రీన్ చేరి వెనక్కి తిరిగి చూస్తే వరుసగా బయటపడతాయి. అవి అటు నుంచి వచ్చే ఆటగాడి కోసం ఉన్నవి. గాలికీ గొర్రెలకూ ఈ దిశ తెలియదు కదా!

చెక్కుచెదరలేదన్నదీ అబద్ధమే. 20వ శతాబ్దం మొదట్లో, బంతి మరింత దూరం వెళ్ళసాగాక కొత్త బంకర్లు తవ్వారు. బంకర్ల నిటారు గోడలను పచ్చిక పలకలు పేర్చి కడతారు, అవి అరిగిపోతే మళ్ళీ కడతారు. 2010 ఓపెన్‌కు 17వ హోల్ టీని వెనక్కి జరిపి, 455 గజాల హోల్‌ను 495 గజాలు చేశారు. 2012లో గోల్ఫ్ కోర్సుల రూపకర్త మార్టిన్ హాట్రీ సూచనలతో 11వ గ్రీన్ వాలు తగ్గించడానికీ, 17వ గ్రీన్ పక్కన ఉన్న రోడ్ బంకర్‌ను మార్చడానికీ పని మొదలైతే ప్రపంచమంతటా గోల్ఫ్ రూపకర్తలు నిరసన తెలిపారు. ఆ నిరసనలో న్యాయముందనే నా అభిప్రాయం. రాబర్ట్‌సన్, మారిస్ మార్పులు చేసింది ఆ నేల మీద రోజూ ఆడే జనం రద్దీ కోసం. ఈ మార్పులు మాత్రం కొన్నేళ్ళకోసారి వచ్చే ఛాంపియన్ల కోసం.