సవరణ: పచ్చగన్నేరు మన నాటు మొక్క కాదు

ప్రహరీ పక్కన పెంచే నాటు మొక్కల జాబితాలో పచ్చగన్నేరును చేర్చాం. అది తప్పు. వృక్షశాస్త్ర గ్రంథాల ప్రకారం దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మొక్కంతా విషమే, పిక్క గుండెను దెబ్బతీస్తుంది. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

పసుపు పూలే కావాలంటే తంగేడు వేసుకోండి. నర్సరీలో ఇంకేదో అంటగట్టకుండా ఆకు మొదలు చూడండి: కాడకు ఇరువైపులా చెవుల్లాంటి వెడల్పాటి రేకులుంటాయి. గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, తొలకరికి నేరుగా నేలలోనే విత్తండి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెద్దయ్యాక పీకి నాటితే బతకడం కష్టం. పూర్తి ఎండ కావాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. డ్రిప్పు పెట్టి రోజూ తడపడమూ దానికి చేటే.