సాదాబైనామాల మీద నడుస్తున్న సూక్ష్మజీవుల ఆస్తి

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పది గుంటల చెలక చేతులు మారాలంటే స్లాటు బుక్ చేసుకోవాలి, స్టాంపు సుంకం కట్టాలి, సాక్షులను వెంటబెట్టుకొని తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. తాతల నాడు తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలను క్రమబద్ధీకరించమని 2020లో దరఖాస్తు పెట్టుకున్న రైతులు ఏండ్ల తరబడి ఎదురుచూశారు. ఇంత కట్టుదిట్టమైన రాజ్యంలో బ్యాక్టీరియా మాత్రం తమ జన్యువులను ఏ కార్యాలయం గడప తొక్కకుండా చేతులు మార్చుకుంటున్నాయని సవినయంగా ప్రభుత్వ దృష్టికి తెస్తున్నాను.

మొదటి అక్రమం 1928లో లండన్‌లో బయటపడింది. ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే వైద్యాధికారి, వేడిచేసి చంపిన ప్రాణాంతక న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాను హానిలేని బతికున్న రకంతో కలిపి ఎలుకలకు ఎక్కించగా ఎలుకలు చనిపోయాయి, వాటి రక్తంలో ప్రాణాంతక రకం సజీవంగా దొరికింది. చచ్చినదాని దగ్గర ఉన్న ఆస్తి, రక్షణగా ఒంటికి చక్కెరల తొడుగు అల్లుకునే నేర్పు, విరాసత్ విచారణ లేకుండానే పక్కనున్నదానికి దక్కిందన్నమాట. ఆ దస్తావేజు డీఎన్ఏయేనని ఏవరీ, మెక్‌లియాడ్, మెకార్టీ అనే శాస్త్రవేత్తలు ప్రకటించేసరికి 1944 వచ్చింది. విచారణ సాగదీయడంలో వాళ్లూ మనకు తీసిపోలేదు.

రెండో పద్ధతి సంయుగ్మం. దీన్ని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో కనిపెట్టారు. అమ్మేది పైలస్ అనే సన్నని పోగును చాచి కొనేదాన్ని దగ్గరికి లాక్కుంటుంది; ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏ ముక్కలోని రెండు పోగుల్లో ఒకదాన్ని అటు పంపి, రెండో పోగును తన దగ్గరే ఉంచుకుంటుంది; తర్వాత రెండూ తమతమ జతపోగులను అల్లుకుంటాయి. అంటే అమ్మినదాని భూమి అమ్మినదానికే ఉంటుంది, కొన్నదానికీ పూర్తి పట్టా వస్తుంది. డబుల్ రిజిస్ట్రేషన్ చేసినందుకు మనుషులనైతే జైలుకు పంపుతున్నాము. పైగా చాలా ప్లాస్మిడ్లలో అమ్మే హక్కు కూడా దస్తావేజులోనే ఉంటుంది కనుక నిన్న కొన్నది ఇవాళ అమ్మకానికి దిగుతుంది.

మూడోది జన్యువహనం. బ్యాక్టీరియాను తినే వైరస్ పొరపాటున ఒకదాని డీఎన్ఏ ముక్కను సంచిలో వేసుకొనిపోయి మరొకదానిలో దించుతుంది. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ దీన్ని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో చూపారు. మధ్యవర్తికి కమీషన్ కూడా లేదు, కాబట్టి దీని గురించి ఎక్కువ రాయను.

కులగోత్రాల పట్టింపు కూడా లేకపోవడం మరీ విచారకరం. 1950ల చివర జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు రకాల మందులను లెక్కచేయకపోవడం చూసి ఆరా తీస్తే, ఆ హక్కులన్నీ పేగుల్లో కాపురముండే ఈ.కోలితో ఇచ్చిపుచ్చుకోగలిగినవని తేలింది. చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే మందును ఓడించే జన్యువు ప్లాస్మిడ్ మీదెక్కి తిరుగుతున్నదని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. అప్పటిదాకా కోళ్ల దాణాలో కొలిస్టిన్ కలపనిచ్చిన మన దేశం 2019లో దాన్ని నిషేధించింది.

ఈ ఆస్తికి ఇంత ధర ఎవరు పెంచారన్న ప్రశ్న అనవసరమని నా అభిప్రాయం. హనుమకొండలో మా వీధి మందుల దుకాణంలో జలుబన్న మాట పూర్తికాకముందే కత్తెర లేస్తుంది, బ్యాక్టీరియా మీద వాడే అజిత్రోమైసిన్ పట్టీలోంచి మూడు గోలీలు తెగిపడతాయి. జలుబు చేసింది వైరస్. బ్యాక్టీరియాకు ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు. అయినా శిక్ష వాటికే పడుతుంది, సాదా రకాలు ఇల్లు ఖాళీ చేస్తాయి, మందును తట్టుకునే దస్తావేజు ఉన్నవి ఆ జాగా అంతా ఆక్రమిస్తాయి. “చీటీ ఏదన్నా?” అని అడిగితే దుకాణదారు “ఎందుకు సార్, అందరూ ఇవే వేసుకుంటున్నరు” అన్నాడు. ప్రజాభిప్రాయానికి తలవంచి డబ్బులిచ్చి వచ్చాను.

కనుక బ్యాక్టీరియాకు తక్షణమే పాసుపుస్తకాలు జారీచేయాలనీ, ప్రతి ప్లాస్మిడ్‌కూ సర్వే నంబరు వేయాలనీ కోరుతూ సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి వినతిపత్రం సిద్ధంచేశాను. ప్రతివాదుల చిరునామా అన్న గడిలో “దరఖాస్తుదారుని పేగులు” అని రాయవలసి వచ్చింది. నోటీసు అంటించడానికి వచ్చే సిబ్బందికి ఏ గోడ చూపించాలన్నదే ఇంకా తేలలేదు.