గూడెం లెక్క గూడేనికి చెప్పాలి

డిసెంబర్ వచ్చిందంటే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు, అరకు బస్సులు ఎక్కేవాళ్లలో టూరిస్టులే కాదు, ఇంకో రకం జనం కూడా కనబడతారు. ఒళ్లో బ్యాగు, బ్యాగులో జిరాక్స్ తీసిన ఫారాల కట్ట, ముఖంలో గైడ్ పెట్టిన గడువు తాలూకు టెన్షన్. ఒకరిది ఎండీ థీసిస్, ఒకరిది సోషల్ వర్క్ ప్రాజెక్టు, ఇంకొకరిది ఎంబీఏ సర్వే. రోడ్డు పక్క గూడెంలో దిగుతారు, ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్నో బతిమాలుకుంటారు, ఆవిడ పిలిచి కూర్చోబెట్టినవాళ్లను వరసగా అడిగేసి రెండు మూడు రోజుల్లో నూట యాభై ఫారాలు నింపుకుని ఘాట్ రోడ్డు దిగిపోతారు. డిగ్రీ వస్తుంది, పేపరేదో అచ్చవుతుంది. గూడెం మాత్రం మళ్లీ ఏడాది ఇంకో బ్యాచ్‌కి అవే జవాబులు చెబుతుంది: మరుగుదొడ్డి ఉందా, ప్రసవం ఎక్కడ అయింది, నెలకు ఆదాయం ఎంత.

పరిశోధనలు ఆపేయమని మేం అనడం లేదు, ఆ మాట అంటే మన్యానికే నష్టం. మేం అడిగేది ఒక్కటే. లెక్క తీసుకున్నవాళ్లు ఆ ఊరికి తిరిగి లెక్క చెప్పాలి. చెప్పడం నేర్పించని చదువుకు డిగ్రీ ఇవ్వకూడదు.

ఆ మూడో ప్రశ్ననే చూడండి, నెలకు ఆదాయం ఎంత అనేది. కాఫీ గింజలు ఏడాదికోసారి అమ్ముతారు, చింతపండు దాని కాలంలో, పసుపు దాని కాలంలో, ఇంట్లో తినే చోళ్లు, సామలు అసలు డబ్బు లెక్కలోకే రావు, మధ్యలో కూలి దొరికితే దొరికినట్టు. అలాంటి ఇంట్లో 'నెల ఆదాయం' అనే అంకె ఉండదు. పైగా ఫారం ఇంగ్లిష్‌లో, అడిగేది తెలుగులో, ఇంట్లో మాట కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, మధ్యలో దుబాసీ ఎవరంటే సెలవులకు ఇంటికొచ్చిన హాస్టల్ పిల్లాడు. వాడు ఒకసారి అమ్మ వైపు, ఒకసారి సార్ వైపు చూసి 'నాలుగు వేలు' అంటాడు. ఆ నాలుగు వేలే కంప్యూటర్‌లోకి వెళ్లి, సగటుగా మారి, దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాలతో సహా థీసిస్‌లో టేబుల్ అయి కూర్చుంటుంది. ఇవి కాకిలెక్కలని విద్యార్థికీ తెలుసు, గైడ్‌కీ తెలుసు. దాన్ని ఆధారం చేసుకుని రేపు ఎవరైనా ఒక పథకం రాస్తే, తప్పు ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

ఇంకా పెద్ద తప్పు ఫారంలో కాదు, ఫారం చేరని చోట ఉంది. జీపు వెళ్లే ఊళ్లనే శాంపిల్‌గా తీసుకుంటే, గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు లెక్కలోకే రావు. అంటే ఏ కష్టాన్ని కొలవాలని బయల్దేరామో సరిగ్గా దాన్నే వదిలేసి వస్తున్నాం. స్టాటిస్టిక్స్ క్లాసులో దీన్ని మొదటి సెమిస్టర్‌లోనే చెబుతారు, పరీక్షలో రాస్తారు కూడా. థీసిస్ దగ్గరికి వచ్చేసరికి బస్సు టైమే గెలుస్తుంది.

విద్యార్థులనే ఎందుకు అనడం, ప్రభుత్వ సర్వేలూ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతకు మన రాష్ట్రంలో 2019లో ఇళ్లు తిరిగారు. అప్పటికి ఉన్నది పాత విశాఖ జిల్లా, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ నుంచి ముంచంగిపుట్టు కొండల దాకా ఒకటే జిల్లా. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లాలో దాదాపు 43 లక్షల మందిలో గిరిజనులు 14 శాతానికి కాస్త ఎక్కువ. ఆ నీడలో మన్యం అంకె మునిగిపోయింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా విడిపోయింది కాబట్టి ఇకనైనా దాని లెక్క దానికి ఉంటుందనుకుందాం. కానీ 'ఎస్టీ' అనే గడి మాత్రం అలాగే ఉంది. పట్నంలో ఉద్యోగం చేసుకునే కుటుంబమూ, కొండ మీద పోడు చేసుకునే పోర్జా కుటుంబమూ అదే గడిలో పడతాయి. దేశంలో మరీ వెనకబడిన తెగలుగా గుర్తించినవి 75, మన కొండల్లోని గదబ, పోర్జా తెగల్లో కొన్ని శాఖలు ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్ల పిల్లల బరువెంత, చదువెంత అని విడిగా అడిగితే సర్వే నివేదికల్లో జవాబు దొరకదు.

ఈ విషయంలో విశాఖకు ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉందని మా అభిప్రాయం. ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు గణితంలో ఎంఏ చేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఇక్కడినుంచి కలకత్తా వెళ్లి ఆయన చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి మనుషుల శరీర కొలతల విశ్లేషణ. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్, మానవ శాస్త్రవేత్త మజుందార్‌లతో కలిసి 1941 నాటి సంయుక్త రాష్ట్రాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్) కొలతల మీద పని చేశారు. 1948లో వచ్చిన ఆయన పేపర్‌లో వర్గీకరణ పద్ధతికి ఉదాహరణగా తీసుకున్న మూడు సమూహాల్లో ఒకటి కొర్వా అనే ఆదివాసీ తెగ. అంటే మనం ఇవాళ గర్వంగా చెప్పుకునే ఈ శాస్త్రం ఎదిగిన దారిలో ఆదివాసీల ఎత్తు, ముక్కు కొలతలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో అనుమతి పత్రాల పట్టింపు లేదు, ఆనాటివాళ్లను ఈనాటి తూకంతో తూచడం మా ఉద్దేశం కాదు. మరి ఈనాటివాళ్ల సంగతి?

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు ఒకటి నడిచింది. భద్రాచలం లాంటి చోట్ల గిరిజన బాలికల హాస్టళ్లలో కూడా 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీకాలు వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది, టీకా మంచిదేనని డాక్టర్లు ఇవాళ్టికీ చెబుతారు, మేమూ కాదనం. గొడవ టీకా గురించి కాదు, సంతకం గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఉంది: అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అనుమతి ఫారాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 ఫారాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్లు కొండ మీద ఉన్నారు, సంతకం వార్డెన్‌ది. ఈ ఒక్క ఉదాహరణ మెడికల్ కాలేజీలో ఫస్టియర్‌లో చెబితే చాలు, నీతి గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

అమెరికాలోనూ ఇలాంటి పని జరిగింది. గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవాసుపాయ్ తెగవాళ్లు షుగర్ జబ్బు పరిశోధన అని నమ్మి 1990ల్లో రక్తం ఇచ్చారు. దాన్ని మానసిక వ్యాధి మీదా, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని మీదా అధ్యయనాలకు వాడేశారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్ని కూడా తిరిగిచ్చేసింది. దక్షిణాఫ్రికాలో శాన్ తెగవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, మా దగ్గరికి వచ్చే పరిశోధకులు ఎలా నడుచుకోవాలో 2017లో తామే ఒక నియమావళి రాసి చేతికిచ్చారు. మన మన్యంలో గ్రామసభ ఆ పని ఎందుకు చేయకూడదు? షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పెసా చట్టం 1996 నుంచీ ఉంది.

మన దేశంలో రూల్స్ లేక కాదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి: గిరిజనుల మీద వైద్య పరిశోధన వాళ్లకు పనికొచ్చేదై ఉండాలి, ఏజెన్సీలోకి వెళ్లే ముందు అధికారుల అనుమతి ఉండాలి, పెద్దమనిషి సరే అన్నంత మాత్రాన ఇంట్లో మనిషి సరే అన్నట్టు కాదు. ఎథిక్స్ కమిటీ ముందు ఈ కాగితాలన్నీ చక్కగా ఉంటాయి. గూడెంలో ఆ కాగితాన్ని ఎవరు చదివి వినిపించారు, ఏ భాషలో వినిపించారు అని మాత్రం థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, అంటే వైవాలో, ఎవరూ అడగరు. అడగడం మొదలుపెడితే సగం సమస్య తీరుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది, నూరేళ్ల పండగ. ఆంధ్ర మెడికల్ కాలేజీ అంతకంటే మూడేళ్లు పెద్దది. 2024లో పాడేరులోనే మెడికల్ కాలేజీ మొదలైంది, విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. కువి, ఆదివాసీ ఒడియా ఇంటి భాషగా ఉన్న పిల్లలు వీటిలో చదువుకుంటున్నారు. వాళ్లను దుబాసీలుగా కాకుండా పరిశోధకులుగా పంపండి, ప్రశ్నలు వాళ్లనే రాయనివ్వండి. ఆదాయానికి బదులు 'ఏ నెలలో ఇంట్లో తిండి తక్కువ పడింది' అని వాళ్లైతే అడుగుతారు. జవాబు కూడా నిజంది వస్తుంది.

2027 జనగణన దగ్గర్లోనే ఉంది. ఇంటింటికీ తిరిగి లెక్క రాసుకునే ఎన్యూమరేటర్లకు ఇచ్చే శిక్షణలో కొండ ఊళ్లకు, ముఖ్యంగా షెడ్యూల్డ్ ప్రాంతం గీతకు అవతల అనకాపల్లి జిల్లాలో ఉండిపోయిన గిరిజన గూడేలకు, తెగ పేరు సరిగ్గా రాసుకోవడం నేర్పాలి. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం గీత అవతల వర్తించదు, కనీసం లెక్కలోనైనా వాళ్లు ఉండాలి.

ఇక కాలేజీలు ఈ సీజన్‌కే చేయగలిగింది ఒకటుంది. ప్రతి థీసిస్ చివర ఒక పేజీ చేర్చండి: ఫలానా తేదీన, ఫలానా గూడెంలో, ఫలానా భాషలో ఫలితాలు చెప్పాం, ఊరివాళ్లు ఇలా అన్నారు, ఇది తప్పన్నారు, ఇది మేం సరిదిద్దుకున్నాం. ఆ పేజీ లేకపోతే వైవా వద్దు. మళ్లీ ఘాట్ ఎక్కడానికి బస్ చార్జీలు డిపార్ట్‌మెంటే ఇవ్వాలి, విద్యార్థి జేబులోంచి కాదు. ఫారాల కట్ట ఇంకా జిరాక్స్ షాపుకు వెళ్లలేదు కాబట్టి టైముంది.