ఎండ ఉంది సరే, నీళ్లెక్కడివి?

పొద్దున్నే కొళాయి తిప్పితే వచ్చే క్లోరిన్ వాసన కర్నూలు వాళ్లకు కొత్త కాదు. ఆ క్లోరిన్ పుట్టేది ఉప్పునీళ్లలోంచే. మన గొందిపర్ల ఫ్యాక్టరీలో జరిగేదీ ఇదే పని: చిక్కటి ఉప్పునీళ్లలోకి కరెంటు పంపితే ఒక కడ్డీ దగ్గర క్లోరిన్, ఇంకో కడ్డీ దగ్గర హైడ్రోజన్ వస్తాయి, సబ్బుకూ కాగితానికీ కావాల్సిన కాస్టిక్ సోడా నీళ్లలో మిగులుతుంది. విద్యుద్విశ్లేషణ అంటే ఇంతే. రాగిని శుద్ధి చేసేదీ, అల్యూమినియం తీసేదీ ఈ పద్ధతిలోనే.

పిల్లలకు ఇంట్లోనే చూపించవచ్చు. గ్లాసు నీళ్లలో కాస్త వంటసోడా కలిపి, రెండు కొసలా చెక్కిన రెండు పెన్సిళ్లను అందులో ముంచి, పై ములుకులకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీగలు తగిలిస్తే చాలు, ములుకుల చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, నెగెటివ్ వైపు ఎక్కువ, ఎందుకంటే నీళ్లు విడిపోయినప్పుడు హైడ్రోజన్ రెండు వంతులు, ఆక్సిజన్ ఒక వంతు వస్తాయి. ఉప్పు మాత్రం వేయొద్దు, క్లోరిన్ వస్తుంది.

నీళ్లను విడగొట్టే ఈ పనే సోలార్ కరెంటుతో చేస్తే వచ్చేది గ్రీన్ హైడ్రోజన్. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తీయాలని కేంద్రం 2023లో మిషన్ పెట్టుకుంది. దీనికి కావాల్సింది ఒకే దిశలో పారే డీసీ కరెంటు, సోలార్ పలక ఇచ్చేదీ అదే, పైగా గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉండనే ఉంది. గ్రీన్ హైడ్రోజన్ ప్లాంట్లు ఇక్కడికి రావాలనే మేం కోరుకుంటున్నాం, మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కకుండా ఇక్కడే పని దొరకాలి.

కానీ నీళ్ల మాటేమిటి? కిలో హైడ్రోజన్‌కు తక్కువలో తక్కువ తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. టన్నుకు 9,000 లీటర్లు, శుద్ధి చేయడానికీ చల్లబరచడానికీ అయ్యేది వేరే. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే సీమలో ఇది చిన్న లెక్క కాదు. సుంకేసుల బ్యారేజీ నీళ్లు తాగడానికే ఉండాలి. హంద్రీలో కలుస్తున్న మురుగును శుద్ధి చేసి ప్లాంట్లకు ఇవ్వండి, నదీ బాగుపడుతుంది.

ఏ కంపెనీకి భూమి ఇచ్చినా, నీళ్లు ఎక్కడి నుంచి, రోజుకు ఎన్ని లీటర్లు అన్నది తెలుగులో రాసి, ప్రజాభిప్రాయ సేకరణకు ముందే పంచాయతీ గోడ మీద అంటించాలి. సంతకాలు ఆ తర్వాతే.