అమ్మేవాళ్లను వదులుకున్న దుకాణం

అమెరికాలో ఎలక్ట్రానిక్ వస్తువుల వ్యాపారాన్ని ఒకప్పుడు ఏలిన సర్క్యూట్ సిటీ పతనం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా 2008 నాటి ఆర్థిక సంక్షోభాన్నీ, ఇంటర్నెట్ అమ్మకాల పోటీనీ కారణాలుగా చూపడం పరిపాటి అయింది. ఆ రెండూ దెబ్బతీసిన మాట నిజమే. అయితే అదే సంక్షోభాన్నీ అదే పోటీనీ తట్టుకుని దాని ప్రత్యర్థి దుకాణాల సంస్థ బెస్ట్ బై నిలబడగలిగినప్పుడు అసలు కారణాన్ని మరోచోట వెదకక తప్పదు.

శామ్యూల్ వర్ట్‌జెల్ 1949లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో వార్డ్స్ పేరుతో టీవీల దుకాణం తెరిచేనాటికి టెలివిజన్ జనానికి కొత్త. వస్తువును అమ్మాలంటే ముందు దాన్ని వివరించాలి. ఆయన కుమారుడు ఆలన్ 1970ల తొలినాళ్లలో బాధ్యతలు చేపట్టేసరికి సంస్థ దివాలా అంచున ఉంది. కలిసిరాని శాఖలను వదిలించుకుని, గిడ్డంగులంత విశాలమైన షోరూములను తెరిచి ఆయన దాన్ని నిలబెట్టారు. 1984లో సర్క్యూట్ సిటీగా పేరు మార్చుకున్న ఆ సంస్థ పట్టణం వెంట పట్టణంగా విస్తరించింది. కమిషన్ మీద పనిచేసే సేల్స్ సిబ్బందే దానికి ఆయువుపట్టు. ఏ టీవీకి ఏ ప్రత్యేకత ఉందో, ఏ స్పీకరు ఏ గదికి సరిపోతుందో చెప్పగల మనిషి ఎదురుగా ఉండటం కొనుగోలుదారుకు ఎంతో భరోసా.

తప్పటడుగులు 1990ల చివర మొదలయ్యాయి. డిస్కు కొన్న తరువాత కూడా తొలిసారి చూసి 48 గంటలు దాటితే మళ్లీ డబ్బు కట్టి సినిమా చూడాలనే డివిఎక్స్ పథకం 1999లోనే మూతపడి పది కోట్ల డాలర్లకు పైగా నష్టం మిగిల్చింది. 2000లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల వంటి గృహోపకరణాల అమ్మకాలను సంస్థ మానుకుంది. ఆ రంగంలో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ తరువాతి స్థానం తనదే అయి ఉండగా ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నదో మాకు నేటికీ అంతుపట్టదు.

ఇవి డబ్బు నష్టాలు, పూడ్చుకోగలిగినవి. 2003లో కమిషన్ పద్ధతిని రద్దుచేసి, దాదాపు 3,900 మంది సేల్స్ సిబ్బందిని పంపించివేయడం మాత్రం అలాంటిది కాదు. 2007 మార్చిలో మరో 3,400 మందికి ఉద్వాసన పలికారు. వారు పని సరిగా చేయలేదని కాదు, మార్కెట్ రేటుకు మించి జీతం తీసుకుంటున్నారని! పది వారాల తరువాత కావాలంటే తక్కువ జీతానికి తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చని కూడా చెప్పారు. ఏళ్ల తరబడి కొనుగోలుదారులతో మాట్లాడి సంపాదించిన నేర్పును ఖర్చుల పద్దులో రాసి కొట్టివేయడాన్ని పొదుపు అనలేము. ఇది అనుభవజ్ఞులకు జరిగిన అవమానం, మిగిలిన ఉద్యోగులకు అందిన హెచ్చరిక. అదే కాలంలో సొంత వాటాలను తిరిగి కొనడానికి మాత్రం సంస్థ కోట్ల డాలర్లు వెచ్చించిందన్నది మరవరానిది.

అడిగితే చెప్పేవారు లేని దుకాణానికి వెళ్లడం కన్నా ఇంట్లో కూర్చుని చౌకగా తెప్పించుకోవడమే మేలని కొనుగోలుదారు అనుకుంటే తప్పేముంది? ఇంటర్నెట్ పోటీకి దారి సుగమం చేసింది యాజమాన్యమే. 2008 నవంబరులో సర్క్యూట్ సిటీ దివాలా రక్షణ కోరింది. కొనేవారు దొరకక 2009 జనవరిలో 567 దుకాణాల మూసివేతను ప్రకటించడంతో దాదాపు 34,000 మంది ఉపాధి కోల్పోయారు. మార్చిలో చివరి దుకాణాలు మూతపడ్డాయి. ఆ తరువాత వేలంలో సర్క్యూట్ సిటీ అన్న పేరును సిస్టమాక్స్ సంస్థ 1.4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.