సవరణ: ‘ది గోల్డ్ రష్’ ఏ ప్రతి?

మునుపటి టపాలో చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’ నిడివి 72 నిమిషాలని ఉంది. అది 1942లో ఆయనే కుదించి, సంగీతం, తన గొంతుతో వ్యాఖ్యానం చేర్చి విడుదల చేసిన ప్రతిది. 1925 నాటి మూకీ అంతకన్నా పెద్దది.

గుర్తుపట్టడం సులువే. మధ్యమధ్య అక్షరాల కార్డులు వస్తే అది మూకీ. చార్లీ (చాప్లిన్ పాత్ర) ప్రేమించే డాన్సర్ జార్జియా రాసిన క్షమాపణ చీటీని చూడండి: 1925లో అది ఆమె వెంటపడే జాక్‌కు రాసింది, అతను దాన్ని చార్లీకి చేరవేయిస్తాడు, 1942లో నేరుగా చార్లీకే రాసినట్టు మార్చారు. చివరి ముద్దు కూడా తీసేశారు. చీటీ మార్పుతో కథలోని చేదు తగ్గిపోయింది, అది నిజంగా నష్టమే.

మూకీ ప్రతిని, పాత మూకీ సినిమాలను పునరుద్ధరించే కెవిన్ బ్రౌన్‌లో (Brownlow), డేవిడ్ గిల్ 1993లో పునర్నిర్మించారు. మొదటిసారి చూసేవారు దాన్నే ఎంచుకోండి.